మధ్యలో ఏమీ లేదని నాతో చెప్పించిన మా సార్

మా సార్ పోయాడు. పుంగనూరులో ఒక మేడ మీద యాంటెన్నా తిప్పుతుంటే ఫోన్ వచ్చింది. చేసింది ఆయన భార్య. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మేమంతా సిస్టరమ్మ అంటాం.

"అమ్మణ్ణీ, యాడుండావు?"

"పుంగనూర్లోనమ్మా. సిగ్నల్ ఇంకా కుదరలేదు."

"అది వదిలేసి రామ్మా. సార్ లేడు."

గొంతు వణకలేదు. ఎంతమంది ఇళ్ళకు ఆ కబురు చెప్పిన గొంతో అది. పొద్దున బూట్లు వేసుకుందామని కుర్చీలో కూర్చున్నాడట. ఒకటి వేసుకుని, రెండోదానికి వంగి, అట్లే ఉండిపోయాడట.

ఇట్లాంటివి రాసేవాళ్ళు పోయినవాళ్ళను మెచ్చుకుంటూ మొదలుపెడతారు. నేనూ మెచ్చుకుంటాను, మెచ్చుకోవలసినవి చాలానే ఉన్నాయి. కానీ ముందే చెప్తున్నా, నాకు ఆయన మీద మండిపోతోంది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని అడగొద్దు. బతికి ఉన్నప్పుడు నన్ను కోప్పడనివ్వలేదు ఆయన. కోప్పడటానికి కావలసిన సంగతి దాచిపెట్టి పోయాడు.

మాది తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లె. ఇంట్లో గొర్రెలు. ఇంటరు మధ్యలో ఆపేసి, ఫోన్లో వీడియోలు చూసి నెట్ పని కొంచెం పట్టుకుని, మదనపల్లెకు వచ్చాను. సార్‌కు అక్కడ చిన్న నెట్ కంపెనీ ఉండేది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళకూ లైన్లు ఇచ్చేవాడు. ఆఫీసంటే ఆయన ఇంటి ముందు గదే. ఒక మూల బీరువా, ఒక మూల హార్మోనియం, దాని బల్ల కింద ఒక నల్లటి కంప్యూటరు ఎప్పుడూ గుయ్యిమంటూ ఉండేది.

"ఏమొచ్చు నీకు?" అన్నాడు.

"ఏమీ రాదు సార్. చూపిస్తే వస్తాది."

నవ్వి, వైరు కట్టా, కత్తెర, ప్లగ్గులు నా ముందర పడేశాడు. తీగల వరస తప్పు పెడితే చూసి, కొస కత్తిరించి మళ్ళీ ఇచ్చేవాడు. తిట్టింది లేదు. "మళ్ళా" అనేవాడు, అంతే. సాయంత్రానికి నేలంతా వైరు ముక్కలు. నేను చీపురు అందుకోబోతే లాక్కున్నాడు. "ఊడ్చేదానికి నిన్ను పెట్టుకోలేదు. నువ్వు నేర్చుకో, నేను ఊడుస్తా" అని ఆయనే ఊడ్చాడు. ఆ రోజు మా పల్లెకు ఫోన్ చేసి మా అమ్మతో ఆ మాట చెప్పుకుని ఏడ్చాను. మాలాంటి వాళ్ళ కింద ఎవరూ ఊడ్చరు.

మేడలు ఎక్కేటప్పుడు నిచ్చెన ఆయనే పట్టుకునేవాడు. గుర్రంకొండ నుంచి వచ్చిన ఒక కస్టమరు "ఆడపిల్లను ఎక్కిస్తాండావే సార్, నువ్వు కిందుంటావా?" అని ఎగతాళి చేస్తే, "పడితే పట్టుకోను ఒకరుండాల కదప్పా. ఆయమ్మ నన్ను పట్టుకోగలదా, సూడు నా పొట్ట" అన్నాడు. జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు. మధ్యాహ్నం సంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి. నాకు తీసి పెట్టిన తర్వాతే ఆయన ముద్ద కలిపేవాడు. పని చేస్తూ గొంతులోనే ఏదో కీర్తన తీసేవాడు, శ్రుతి ఎప్పుడూ కుదరదు.

వైరుకు రెండు కొనలా పేరు రాయాలని పట్టు. తెల్ల టేపు చుట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో రెండు వైపులా రాయాలి. "ఒక కొనకే రాస్తే ఎవురినో ఒకర్ని మోసం చేసినట్టే" అనేవాడు. ఆ మాట నేను నా ఫోన్ వెనక రాసి అంటించుకున్నాను. అంత నమ్మాను.

ఇంకో అలవాటు ఉండేది. కస్టమర్లతో లెక్క తేల్చే మాట ఆయన చెప్పడు. "నువ్వు సూసినావు కదమ్మా లైను, నువ్వే చెప్పు" అంటాడు. పల్లె నుంచి వచ్చిన పిల్లను అంత పెద్ద మనుషుల ముందర నిలబెట్టి మాట్లాడిస్తున్నాడని పొంగిపోయేదాన్ని.

ఇప్పుడు కుప్పం సంగతి చెప్పాలి. మాకు ఎక్కువ పని ఇచ్చేది ఫొటో స్టూడియోలు. పెండ్లి ఫొటోలు బరువైన ఫైళ్ళు. వాటిని ఇక్కడి నుంచి బెంగళూరులో ఆల్బం అచ్చువేసే ల్యాబుకు పంపుతారు. దానికి ఎఫ్‌టీపీ అని ఒక పాత పద్ధతి ఉంది. స్టూడియో కంప్యూటరు ల్యాబు కంప్యూటరును పిలుస్తుంది, పేరూ పాస్‌వర్డూ చెప్తుంది, ఫైలు ఇస్తుంది. అంతా ముట్టాక అటు నుంచి జవాబు వస్తుంది, స్క్రీన్ మీద 'కంప్లీట్' అని పడుతుంది. ముహూర్తాల రోజుల్లో స్టూడియో వాళ్ళకు ఆ మాటే ప్రమాణం. అది పడగానే కెమెరా కార్డు తుడిచేసి మరుసటి పెండ్లికి ఇచ్చేస్తారు. కంప్యూటర్లోనూ చోటు లేక చెరిపేస్తారు.

కుప్పంలో ఒక స్టూడియోలో ఆల్బం డిజైన్ చేసే అక్క ఉండేది. పోయిన ఎండాకాలం ఆమె పంపిన ఒక పెండ్లి మొత్తం ల్యాబుకు చేరలేదు. పుంగనూరు వాళ్ళ పెండ్లి. కార్డులు తుడిచేసి ఉన్నాయి. పెండ్లివాళ్ళు వచ్చి స్టూడియో ముందు కూర్చున్నారు. ఓనరు మాకు ఫోన్ చేస్తే సారూ నేనూ వ్యాన్లో పోయాము. ఆ వారమంతా సార్ జ్వరమని పడుకుని, ఆ రోజే లేచాడు.

నేను లైను పరీక్ష చేశాను. బంగారం లాగా ఉంది. ఓనరు మా సార్ వైపు తిరిగాడు.

"ఒక్క మాట చెప్పండి సార్. మీ లైన్లో మాయమైపోయినాయా, ఈయమ్మ పంపనే ల్యాదా?"

సార్ కండ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అన్నాడు, "నువ్వే చెప్పమ్మా."

చెప్పాను. "మా లైను నేరుగా ల్యాబుకు పోతాదన్నా. మధ్యలో ఏమీ ల్యాదు. కంప్లీట్ అని పడిందంటే ల్యాబులో ఉండి తీరాల. ల్యాబులో ల్యాదంటే ఈడ నుంచి పోలేదు."

"పడినాదే! నా రెండు కండ్లతో సూసినా! నా బిడ్డ మీద ఒట్టు!" అని ఆ అక్క అరిచింది.

"ఒట్టు పెట్టుకుంటే ఫొటోలొస్తాయా?" అన్నాడు ఓనరు. "పంపకుండానే కార్డు తుడిచేసినావు. రేపట్నుంచి రావద్దు."

ఆమె బ్యాగు తీసుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "నీకు అంత గట్టిగా ఎట్ల తెలుసమ్మా?"

"మా సార్ నేర్పించినాడు" అన్నాను.

సార్ అప్పటికి వ్యాను దగ్గరకు పోయి ఉన్నాడు. తిరిగి వస్తుంటే దారిలో టీ తాగించి అన్నాడు, "ఆయమ్మకు వేరే పని దొరుకుతాదిలే." ఎంత మెత్తటి మనసో అనుకున్నాను. దొరకలేదు. పెండ్లి ఫొటోలు పోగొట్టింది అన్న పేరు కుప్పం దాటి పలమనేరు దాకా పాకింది. ఏ స్టూడియో రానివ్వలేదు. చీరల అంగడిలో చీరలు మడత పెట్టే పనికి చేరిందని తర్వాత విన్నాను.

ఇక సార్ పోయిన రోజుకు వస్తాను. నేను మదనపల్లె చేరేసరికి ముందు గదిలో ఫ్రీజర్ బాక్సు పెట్టేశారు. సార్ కొత్త తెల్ల చొక్కాలో ఉన్నాడు. పక్కన కూర్చుని ఏడుద్దామనుకుంటే ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ స్టూడియోల నుంచే.

"ఏమ్మా, ఫైలు పోవడంల్యా."

"నెట్ రావడంల్యాదా అన్నా?"

"నెట్ వస్తాంది. సినిమా ఆడతాంది. ఫైలే పోవడంల్యా."

"అన్నా, సార్ పోయినాడు."

"అయ్యో, దేవుడా. ఎంత మంచి మనిషి! ... అయితే సాయంత్రానికన్నా పోతాదా?"

మూడు ఊళ్ళ నుంచీ ఇదే. అన్నీ నడుస్తున్నాయి, ఫైళ్ళు పంపే దారి ఒక్కటే చచ్చింది. అట్లా ఎట్లా అవుతుంది? ఏమీ తోచక ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాను. సమాధి చేసి వచ్చాము. ఫ్రీజర్ బాక్సు తెచ్చిన పిల్లోళ్ళు దాన్ని ఎత్తుకుపోతూ, "పొద్దున ప్లగ్గు చాలక దీన్ని పీకినాం, మళ్ళా పెట్టేస్తాండాం" అని హార్మోనియం కింద ఉన్న నల్ల కంప్యూటరు ప్లగ్గు పెట్టారు. అది గుయ్యిమంది. కాసేపటికి ఒక్కో స్టూడియో నుంచి మెసేజీ: పోతాంది, పోతాంది, థాంక్స్.

అది చర్చి పాటల కంప్యూటరని సార్ నాకు చెప్పి ఉన్నాడు. బల్ల కిందకు దూరి చూశాను. దాని వెనక నుంచి వైరు మా పెద్ద రూటరుకే పోతోంది. ఇంట్లో ప్రతి వైరుకూ తెల్ల టేపు ఉంది. దానికి ఒక్కదానికే రెండు కొనలా ఏమీ లేదు.

ఆ రూటరు పాస్‌వర్డు సార్ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. సిస్టరమ్మను అడిగితే, "మా పెండ్లి తేదీ కొట్టి సూడు" అంది. తెరుచుకుంది. లోపల ఒక ఆజ్ఞ రాసి ఉంది. ఏ ఊరి నుంచైనా సరే, ఎఫ్‌టీపీ అని వచ్చినదాన్ని ల్యాబుకు పోనివ్వకుండా నల్ల కంప్యూటరుకు మళ్ళించు. కాలేజీలో ఒకరి బదులు ఇంకొకరు "ప్రెజెంట్" అని పలికితే ప్రాక్సీ అంటాం కదా, ఇదీ అదే. ల్యాబు పేరుతో ఈ పెట్టె పలుకుతుంది. స్టూడియో కంప్యూటర్లో ఏ మార్పూ చెయ్యనక్కర్లేదు, వాళ్ళకు మధ్యలో ఒకటుందని తెలిసే దారే లేదు. వాళ్ళ పాస్‌వర్డ్లు కూడా దీని దగ్గర ఉన్నాయి. ఆ పాత పద్ధతిలో అవి ముసుగు లేకుండానే పోతాయి.

నమ్మబుద్ధి కాలేదు. బెంగళూరుకు పోయే వైరు పీకేశాను. ఇక ఆ ఇంటి గడప దాటి ఏదీ పోలేదు. నా లాప్‌టాప్ లోంచి, ఒక స్టూడియో పేరుతో, ఒక ఫొటో ల్యాబుకు పంపాను. పీకిన కొన నా చేతిలోనే ఉంది. స్క్రీన్ మీద పడింది: కంప్లీట్.

ఆయన ఎందుకు చేశాడో నాకు తెలుసు. బెంగళూరు లైను ఎక్కడో ఒకచోట జేసీబీ తగిలి తెగుతూనే ఉంటుంది. సగం పోయిన ఫైలు మళ్ళీ మొదటి నుంచి పంపాలి. స్టూడియో వాళ్ళు తిట్లు లంకించుకునేవాళ్ళు. ఈ పెట్టె ఫైలును వెంటనే తీసుకుని, చేరిందని చెప్పి వాళ్ళను ఇంటికి పంపించి, లైను బాగున్నప్పుడు తాపీగా ల్యాబుకు పంపుతుంది. పని తెలిసిన మనిషి చేసిన పని. చెప్పి చేసి ఉంటే చేతులెత్తి మొక్కేవాళ్ళు. కార్డులు ఇంకొక్క రోజు ఉంచుకునేవాళ్ళు. చెప్పలేదు. "నేరుగా పోయే లైను" అని పేరు పడింది కదా, ఆ పేరు పోతుందని చెప్పలేదు.

నాలుగు రోజులకు ఆదరణ కూడిక. పోయినవాళ్ళ ఇంట్లో అందరూ కూడి, పాటలు పాడి, ఒక్కొక్కరు లేచి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్తారు. షామియానా కింద చాలామంది లేచారు. ఒక్కొక్కరూ ఒకటే మాట: ఆయన నోట అబద్ధం వినలేదు. నేను కూర్చుని పళ్ళు కొరుకుతున్నా. నిజమే చెప్తున్నారు. ఆయన నోట ఎవరూ వినలేదు. నా నోట విన్నారు. కుప్పంలో 'మధ్యలో ఏమీ ల్యాదు' అన్న మాట ఆయన నోరు తెరిచి అనలేక కండ్లద్దాలు తుడుచుకున్నాడు. ఊళ్ళ మధ్యలో ఆయన పెట్టిన పెట్టె ఒకటి కాదు, రెండు. ఒకటి హార్మోనియం కింద ఉండేది. రెండోదానికి రోజూ సంగటి పెట్టేవాడు.

పాస్టరు గారు "సార్ దగ్గర పని నేర్చుకున్న చెల్లెలు సాక్ష్యం చెప్తాది" అన్నాడు. లేచాను. "సార్ నాకు పని నేర్పించినాడు" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. ఏడుపు అనుకుని ఆమెన్ అన్నారు. కూర్చున్నాను.

అందరూ పోయాక సిస్టరమ్మతో కుర్చీలు మడుస్తూ అడిగాను. "అమ్మా, ఆ నల్ల కంప్యూటరు ఎప్పుడన్నా చెడిపోయిందా?"

"పోయిన ఎండల్లో. కరెంటు ఎక్కువొచ్చి కాలిన వాసన. లోపల డిస్కు పోయిందంట. దాని ముందర నేల మీద కూర్చుండిపోయినాడు. అన్నం ముట్టలా. 'ఒకరి సొమ్ము నా చేతిలో పాడయిపోయిందే' అన్నాడు. ఎవురిదంటే చెప్పలా. తనకు జ్వరమని నీతో చెప్పమన్నాడు."

నేను అంతా చెప్పాను. కుప్పం అక్క గురించి, చీరల అంగడి గురించి. సిస్టరమ్మ కుర్చీ మడవడం ఆపి, దాని మీదే కూర్చుంది.

"పోయినోణ్ణి యాల మళ్ళా నిలబెట్టి అడిగేది?"

"ఆయక్క పోలేదు కదమ్మా. ఉండాది."

ముందర వీధిలో టమాటా లారీలు పోతున్నాయి. వాటినే చూస్తూ సిస్టరమ్మ అంది, "పోయి చెప్పు. చావు కబురు చెప్పినట్టు చెప్పు. దొంగను పట్టిచ్చినట్టు చెప్పొద్దు. అంత మటుకు చెయ్ నాకు."

ఆ రోజే రూటరు లోపలి ఆజ్ఞ చెరిపేశాను. ఇప్పుడు ఫైళ్ళు నిజంగానే నేరుగా పోతున్నాయి. లైను తెగితే సగంలో ఆగుతున్నాయి. "సార్ ఉన్నప్పుడు ఇట్ల ఉండలేదే, నీకు చేతకాదా?" అని మూడు ఊళ్ళూ నన్ను తిడుతున్నాయి. "తెగిందన్నా, మళ్ళా పంపు" అంటున్నాను. ఆ తిట్లు కూడా ఆయన ఆస్తే, నాకు రాసి పోయాడు.

కుప్పం పోయాను. చీరల అంగడిలో ఆ అక్క ఒక చీర కుచ్చెళ్ళు సరి చేస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు. నిలబడే అంతా చెప్పాను.

"తెలీదక్కా నాకు అప్పుడు."

"తెలీకుండానే అంత గట్టిగా చెప్పినావా?"

సార్ మీద కోపం ఆ క్షణం గొంతు దాకా వచ్చింది, ఉమ్మేసేదానికి ఆయన లేడు.

"ఈ మాట నాకు యాల చెప్తాండావు?" అంది చీర మడిచి పక్కన పెట్టి. "నేను పంపినానని నాకు తెలుసు. యాడ చెప్పినావో ఆడ చెప్పు. పద."

స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చినవాళ్ళు, కెమెరా పిల్లోళ్ళు, ఓనరు, అందరూ ఉన్నారు. అప్పుడు ఎక్కడ నిలబడ్డానో అక్కడే నిలబడి చెప్పాను. మధ్యలో ఒక పెట్టె ఉండింది. కంప్లీట్ అన్నది ల్యాబు కాదు, ఆ పెట్టె. అక్క పంపింది. ఫొటోలు మా దగ్గర కాలిపోయాయి. మా సార్‌కు తెలుసు. ఇప్పుడు సార్ లేడు.

ఓనరు తల గోక్కున్నాడు. "పోయినాయన మీద ఇప్పుడు యాలమ్మా ఇవన్నీ..."

"నేను పోలేదు కదన్నా" అంది అక్క. "ఆ పెండ్లోళ్ళకు నువ్వు ఫోన్ చేసి చెప్పల్ల. నా పేరు ఎత్తి చెప్పల్ల. నేను ఈడే ఉండి వింటా."

ఓనరు నన్ను చూశాడు, ఆమెను చూశాడు, ఫోన్ తీశాడు. స్పీకరు పెట్టి పుంగనూరు వాళ్ళకు చెప్పాడు. తడబడుతూ చెప్పాడు కానీ ఆమె పేరుతోనే చెప్పాడు. అటు వైపు ముసలాయన ఎవరో విని, "ఆ పాపను మేమూ నానా మాటలన్నాం అప్పా" అని పెట్టేశాడు. తర్వాత ఓనరు కుర్చీ లాగి, "సీజన్ వస్తాంది. నీ మెషినే ఇది. వచ్చి కూర్చో" అన్నాడు.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచిస్తానంది. కానీ కుర్చీలో కూర్చుని, అక్కడ తయారుగా ఉన్న ఒక ఆల్బం తెరిచి, ల్యాబుకు పంపింది. గీత నిండుతూ పోయింది. మేమంతా ఆ గీతనే చూస్తున్నాం. కంప్లీట్ అని పడింది. ఆమె దాన్ని చూడనైనా లేదు. తన ఫోన్లోంచి బెంగళూరు ల్యాబుకు కాల్ చేసి, చెవికి పెట్టుకుని, ఒక మనిషి తన గొంతుతో "వచ్చింది" అనే దాకా వదలనన్నట్టు ఆ పెండ్లి కెమెరా కార్డు మీద అరచెయ్యి మూసి పెట్టుకుని కూర్చుంది. అటు రింగవుతూనే ఉంది.